హాజుల్ అమ్మ ఆయుష్షు

హైదరాబాదు, సింధ్
ఫులేలీ కాలువ పక్క ఇల్లు
అక్టోబరు 9, 1984

భాగ్‌భరీ వదినకు,

రాబేల్ సలాములు. ఈ ఉత్తరం పోస్టులో వెయ్యడం లేదు. పోస్టులో వేసినవన్నీ మీకంటే ముందు ఎవరో చదివి, మళ్ళీ అతికించి మరీ పంపుతున్నారు. దాదూ బస్సు డ్రైవరు వసాయో చాచా సీటు కింద దాచి తెస్తానన్నాడు. జవాబు కూడా ఆయన చేతికే ఇవ్వండి.

నిన్న మధ్యాహ్నం ఒకతను ఇంటికొచ్చాడు. తెల్లబట్టలు, ఇస్త్రీ నలగలేదు. "సాయీ ఉన్నారా తల్లీ?" అన్నాడు, మీ తమ్ముణ్ణి జనం పిలిచే పేరుతోనే. లేరన్నాను. "తెలుసులే, ఊరికే అడిగాను" అని లోపలికొచ్చి కూర్చున్నాడు. ఇంటికొచ్చిన మనిషికి టీ ఇవ్వకుండా ఎలా పంపను? ఇచ్చాను. నింపాదిగా తాగాడు. గోడ మీద మీ తమ్ముడి ఫొటో చూసి, "ఎంత పొడుగు మనిషి! ఇంత పొడుగు మనిషిని దాచడం ఎవరికైనా కష్టమే" అన్నాడు. చెప్పులేసుకుంటూ, ఏదో కూరగాయల ధర అడిగినట్టు, "ఆయన కమీజ్ కొలత ఎంతమ్మా?" అని అడిగాడు.

కొలత చెప్పకుండా తలుపు వేసుకున్నాను. వదినా, ఎందుకు అడిగి ఉంటాడు? మనిషి కొలత ఎవరికి కావాలి, దర్జీకా, ఇంకెవరికైనానా? అప్పట్నుంచీ అన్నం సహించడం లేదు.

సెప్టెంబరు సభలో ఆయన, "మన నదిని మళ్ళిస్తున్నారు, మన భాషని బడిలోంచి గెంటేస్తున్నారు, మనం నోరు మూసుకుని సలాం కొడుతున్నాం" అని మాట్లాడి, మైకు వదిలి వెనకవైపు నుంచి వెళ్ళిపోయారు. అదే ఆఖరు. ఆయన పెట్టిన ధర్తీ సంగత్ పార్టీ కార్యకర్తలకు కూడా ఎక్కడున్నారో తెలియదట. మీ దగ్గరికి వచ్చారా? వస్తే పేరు రాయకండి. ఒంటె అని రాయండి. చిన్నప్పుడు మీరు పెట్టిన పేరే కదా.

మీ రాబేల్

*

గోఠ్ కేరియో, మంఛర్ సరస్సు ఒడ్డు
అక్టోబరు 20

మా రాబేల్‌కు,

నీ ఉత్తరం అందింది. బడిలో అరవైమంది పిల్లల్ని బెత్తం లేకుండా కూర్చోబెట్టేదానివి, ఎవడో టీ తాగి పోతే ఇంత హడలిపోతావేమే? కొలత అడిగితే, "మీ నాన్న కమీజ్ వేసి చూసుకో" అనాల్సింది. నేనైతే అనేదాన్ని.

నా రాత చూసి నవ్వకు. ఈ అక్షరాలు నేర్పిందీ నీ మొగుడే. వాడు మొదటిసారి సుక్కుర్ జైలుకి వెళ్ళినప్పుడు మీసాలు కూడా సరిగ్గా రాలేదు. పరీక్ష సింధీలోనే రాస్తానని మొండికేసి, మిగతా పిల్లల్ని కూడా రోడ్డెక్కించాడు. అక్కణ్ణుంచి నాకు ఉత్తరం రాశాడు. ఊళ్ళో చదివి పెట్టే మగాడి కోసం రెండు వారాలు తిరిగాను. వాడు తిరిగొచ్చాక నా ముందు పలక పెట్టి, "అక్కా, నా జైలు కబుర్లు ఊరంతా వినక్కర్లేదు, నువ్వే చదువుకో" అన్నాడు. అమ్మ పోయాక వాణ్ణి చంకన వేసుకుని పెంచినదాన్ని, వాడి దగ్గర పాఠం చెప్పించుకోవాలంటే సిగ్గేసింది. అయినా నేర్చుకున్నాను.

నీ పెళ్ళీ అంతేగా. ఒక జైలుకీ ఇంకో జైలుకీ మధ్య దొరికిన సందులో చేశాం. వండిన పలావు చల్లారకముందే జీపు వచ్చింది. నువ్వప్పుడు ఏడవలేదు. ఇప్పుడెందుకు?

ఒంటె ఇక్కడికి రాలేదు. ఈ సరస్సంతా రెల్లు, పడవలు, బాతులు. ఒంటెకేం పని?

అన్నట్టు, కడుపుమంటకి తెల్లటి మందు సీసా ఉంటుంది చూడు, అదొకటి వసాయోకిచ్చి పంపు. నాకే. ఈ మధ్య మంటగా ఉంటోంది.

భాగ్‌భరీ

*

హైదరాబాదు
నవంబరు 6

వదినా,

మందు పంపుతున్నాను. మీకు కడుపుమంటేమిటి? పచ్చిమిరపకాయలు నంజుకుని రొట్టె తినే మనిషి మీరు. ఆ సీసా ఎవరికో నాకు అర్థమైంది. అర్థమయ్యాక గుడ్లనీళ్ళు కుక్కుకున్నాను. ఉన్నారు, అది చాలు. పడవలోనే ఉంచండి, ఒడ్డుకి రానివ్వకండి.

ఇప్పుడు రాయబోయేది చదివి కాల్చెయ్యండి. అల్లన్ గుర్తున్నాడా, సంగత్ సభల్లో ముందు వరసలో నిలబడి నినాదాలిచ్చే కుర్రాడు, పోయినేడు మీ ఊరొచ్చి తామరకాడల కూర మూడుసార్లు వడ్డించుకుని తిన్నాడే, వాడు. వాణ్ణి పట్టుకెళ్ళారు. ఫులేలీ కాలువలో తేలాడు. నేను చూడ్డానికి వెళ్ళాను. వాడి ఒంటి మీద కొత్త కమీజ్ ఉంది వదినా. సరిగ్గా వాడి కొలతకి కుట్టించింది. "చొక్కా కూడా చిరగలేదు, ఎవరు కొట్టారు? మునిగిపోయాడు" అని చెప్పడానికట.

ఇక దాచుకోలేను, నాకు భయంగా ఉంది. తలుపు గాలికి కొట్టుకున్నా లేచి గడియ చూసుకుంటున్నాను. మాకు పిల్లలు లేరని ఎన్నేళ్ళు ఏడ్చానో, ఇప్పుడు లేకపోవడమే నయమనిపిస్తోంది.

తెల్లబట్టలాయన మళ్ళీ వచ్చాడు. జనవరిలో సెహ్వాన్ దగ్గర సంగత్ పెద్ద సభ ఉందిగా, "ఆ సభకు ఆయన రాకపోతే మాకూ ఆయనకూ గొడవ లేదు, వస్తే మాత్రం నన్నడగొద్దు" అన్నాడు. మీ తమ్ముడు వస్తానని అందరికీ మాటిచ్చేశారు. నేను చెబితే నవ్వుతారు. సంగత్ పెద్దలు చెబితే తిడతారు. ఆయన కాదనలేనిది ఒక్కటే ఉంది.

మీరు ఆయన మీద మేఢ్ చెయ్యండి. నెత్తిన ఖురాన్ పెట్టుకుని వెళ్ళి, చాదర్ తీసి ఆయన కాళ్ళ ముందు పరవండి. మేఢ్ వచ్చిన ఆడదాన్ని ఎంత పగవాడైనా ఉత్తచేతులతో పంపడు కదా. "మేఢ్ కాదన్నవాడు సింధీవాడే కాదు" అని ప్రతి సభలో చెప్పేది ఆయనే. సభకు వెళ్ళనని మాట తీసుకోండి.

రాబేల్

*

గోఠ్ కేరియో
నవంబరు 18

రాబేల్,

నీ ఉత్తరం కాల్చేశాను. అల్లన్ సంగతి ఒంటెకి చెప్పలేదు. చెబితే ఆ పూటే ఒడ్డుకొస్తాడు. ఆ పిల్లవాడు మళ్ళీ వస్తే తామరకాడలు వండి పెడదామనుకున్నాను. ఇక ఎవరికి చేస్తాను?

నువ్వడిగింది నా వల్ల కాదు. మేఢ్ చేసేది పగవాళ్ళ గడప మీద. సొంత తమ్ముడి కాళ్ళ ముందు చాదర్ వేశానంటే, "నువ్వు నా తమ్ముడివి కావు, పగవాడివి" అని నలుగురిలో చెప్పినట్టే. మాట ఇస్తాడు, నిజమే. ఆ తర్వాత అక్కా అని పిలవడానికి వాడికి నోరు రాదు. నా బతుకులో నన్నలా పిలిచేది వాడొక్కడే.

ఇంకోటి కూడా ఉంది. నువ్వు పెళ్ళై రాకముందు సంగతి. రయీస్ షాహ్‌మీర్ తమ్ముడు నీటివంతు గొడవలో మా ఇంటాయన్ని గొడ్డలితో నరికాడు. వాళ్ళు రయీసులు, వాళ్ళకి భూములు, జీపులు. మాకు మనుషులున్నారు. మా కేరియో వంశం వాళ్ళంతా కత్తులు నూరుకుని కూర్చున్నారు. అప్పుడు రయీస్ తల్లి హాజుల్ మేఢ్ వచ్చింది. నెరిసిన తల మీద నుంచి చాదర్ తీసి మావాడి కాళ్ళ ముందు వేసి, "నా చిన్నకొడుకు ప్రాణం ఇవ్వు" అంది. మా జానిబ్, పాత సంగతే కనక పేరు రాస్తున్నాను, ఆ చాదర్ తీసి మళ్ళీ ఆమె తలకి కప్పి, తన భుజం మీది అజ్రక్ శాలువా ఆమెకి కానుకిచ్చి, "రక్తం మాఫీ" అన్నాడు. ఊరు ఊరంతా ఏడ్చింది. ఆ రోజు నుంచే వాడు అందరికీ సాయీ అయ్యాడు. పక్క జిల్లాల నుంచి కూడా జనం వాణ్ణి చూడ్డానికి వచ్చారు. సంగత్ పుట్టింది ఆ చాదర్ మీదే.

పోయింది నా మొగుడు. మాఫీ చేస్తావా అని నన్ను ఒక్కరూ అడగలేదు.

అందుకే మేఢ్ అనే మాట నా దగ్గర ఎత్తకు. వాణ్ణి పడవలో కట్టేసైనా ఆపుతాను కానీ అది చెయ్యను. నువ్వు తిను, పడుకో. మందు పనిచేస్తోంది, రొట్టెలు లెక్క లేకుండా తింటున్నాడు.

భాగ్‌భరీ

*

హైదరాబాదు
డిసెంబరు 11

వదినా,

ఇది ఎంత వేగంగా అందితే అంత మంచిది. బస్సు ఆపి మరీ ఇస్తున్నాను.

ఇవాళ తెల్లబట్టలాయన వీధిలోనే నన్ను ఆపాడు. నవ్వుతున్నాడు. "మీ ఆయన మంఛర్‌లో ఉన్నాడని మాకు తెలుసమ్మా. అన్ని పడవలు, అంత రెల్లు, ఎక్కడని వెతుకుతాం? వెతకం. ఆయనే నడిచి బయటికొస్తాడు. ఆయన కాదనలేని పిలుపొకటి పంపుతున్నాం" అన్నాడు.

ఇంటికొచ్చేదాకా అర్థం కాలేదు. తాళం తీస్తుంటే అర్థమైంది. నేను మీతో చేయించాలనుకున్నదే వాళ్ళకీ తోచింది. ఆడవాళ్ళను పంపుతారు. ఎవరొచ్చినా, నెత్తిన ఏది పెట్టుకుని వచ్చినా, ఎంత ఏడ్చినా, కబురు పడవలోకి వెళ్ళనివ్వకండి. పాపం వస్తే నాకు రానివ్వండి. తలుపు తీయకండి.

రాబేల్

*

గోఠ్ కేరియో
డిసెంబరు 14

రాబేల్,

నీ ఉత్తరం చేరేసరికి అంతా అయిపోయింది. కంగారుపడకు, ముందు ఆఖరు మాట చెబుతున్నాను: మావాడు బతికే ఉన్నాడు, వాళ్ళ చేతికి చిక్కలేదు. ఇక నెమ్మదిగా చదువు.

మొన్న మధ్యాహ్నం పిండి కలుపుతున్నాను. కట్ట మీద పరదాల జీపు ఆగింది. ఐదుగురు ఆడవాళ్ళు దిగి నడిచి వచ్చారు. ముందు హాజుల్. నడుం వంగిపోయి కర్ర పొడుచుకుంటూ, నెత్తిన గుడ్డలో చుట్టిన ఖురాన్. వెనక కోడళ్ళు నలుగురు. జీపు వెనకాల ఇంకో రెండు బండ్లు, తుపాకులతో మనుషులు. బాతుల వేటకొచ్చామని చెప్పారట. వాళ్ళలో తెల్లబట్టలవాడు ఒకడున్నాడు. నువ్వు రాసినవాడే అయ్యుంటాడు.

"జానిబ్‌ని పిలువు" అంది హాజుల్.

"లేడు" అన్నాను.

"ఉన్నాడు. వచ్చేదాకా ఎండలో నిలబడతాను."

నిలబడు, కూలిపోయేదాకా నిలబడు అనుకున్నాను. నిజం చెప్తున్నా, కూర్చోమని కూడా అనలేదు. చేతికి పిండితో గడపలో అడ్డంగా నిలబడ్డాను. కానీ నీళ్ళ మీద కబురు ఆగుతుందా? పడవల ఆడవాళ్ళు చూశారు, మావాడికి చేరింది. వెనక రెల్లులోంచి వంటింటి వైపు దిగి లోపలికొచ్చేశాడు.

"ఎందుకొచ్చావురా, నీకేమన్నా పిచ్చా!" అని వాడి ఛాతీ మీద కొట్టాను. పిండంతా వాడికి అంటింది.

"అక్కా, ఆడవాళ్ళు నెత్తిన ఖురాన్‌తో ఎండలో నిలబడితే నేను పడవలో తొంగుని ఉండనా? లోపలికి పిలువు."

వాళ్ళు లోపలికొచ్చారు. హాజుల్ చాదర్ తీసి వాడి కాళ్ళ ముందు వేసింది. ఆ రోజు నెరిసిన తల, ఇవాళ ఉన్న నాలుగు వెంట్రుకలు.

"ఒకసారి అడిగాను, ఇచ్చావు. మళ్ళీ అడుగుతున్నాను. ఇస్తానను."

"ఆడవాళ్ళు గడప తొక్కాక ఇవ్వననే నోరు నాకు లేదమ్మా. ఇచ్చాను. ఏం కావాలో చెప్పు."

"నీ ప్రాణం కావాలి" అంది.

నేను కత్తిపీట అందుకున్నాను రాబేల్. ఒట్టు.

"ఆగవే తల్లీ, పూర్తిగా విను" అంది నాతో. "నా పెద్దకొడుకు నన్ను పంపాడు. మేఢ్ అయ్యాక మర్యాదగా మమ్మల్ని కట్ట దాకా సాగనంపడానికి జానిబ్ వస్తాడు కదా, అక్కడ వాళ్ళు కాచుకుని ఉన్నారు. నన్ను ఎరగా కట్టి పంపాడు నా కొడుకు, నెత్తిన ఖురాన్ పెట్టి. ఇదిగో జానిబ్, నా మేఢ్ విను. నా చాదర్ కప్పుకో. నా కర్ర పట్టుకో. నా కోడళ్ళతో జీపెక్కి వెళ్ళిపో. నేను మట్టిలో కలిసేదాకా బయట కనబడొద్దు, సభ వద్దు, ప్రసంగం వద్దు. నేనుండగా నువ్వు చావకూడదు."

మావాడి మొహం చూడాలి. ఎన్ని లాఠీలు తిన్నా అలా అవలేదు. "అమ్మా, ఇదొక్కటి తప్ప ఏదైనా అడుగు. ఆడవాళ్ళ ముసుగులో పారిపోయానంటే జనం నా మొహాన ఉమ్మేస్తారు. నా పేరు పోతుంది."

"బేరాలు లేవు నాయనా. ఇచ్చానన్నావు."

వాడు నా వంక చూశాడు. చెప్పక్కా అన్నట్టు. నేను చాదర్ తీసి వాడి నెత్తిన వేశాను.

ఎవరి ముందూ వంగనివాడు వంగాడు. ముసలమ్మ వంగినంత వంగాలి మరి, ఒంటె లాంటి మనిషి. పెద్దకోడలు ఖురాన్ తన నెత్తికి ఎత్తుకుని వాడి మోచెయ్యి పట్టుకుంది. ఐదుగురు వచ్చారు, ఐదుగురు బయల్దేరారు. నేను గడపలో నిలబడి చూస్తున్నాను. సగం దూరం వెళ్ళాక చూశాను, వాడి కాళ్ళకి వాడి చెప్పులే ఉన్నాయి. మగవాడి చెప్పులు, ఇంతింత పాదాలు. కేకేస్తే అయిపోతాం, ఊరుకుంటే అయిపోతాం.

తెల్లబట్టలవాడు ఎదురొచ్చాడు. "జానిబ్ రాలేదా?" అన్నాడు.

"లేడు. ముసలామె ఎండకి సొమ్మసిల్లేలా ఉంది, అడ్డు లే" అంది పెద్దకోడలు. వాడి చూపు కిందికి దిగి ఉంటే ఈ ఉత్తరం ఇంకోలా ఉండేది. రయీస్ ఇంటి ఆడవాళ్ళని కళ్ళెత్తి చూడలేక పక్కకి, సరస్సు వైపు తిరిగాడు. జీపు కదిలింది. దాన్ని నడిపేది హాజుల్ చేతిముద్దలు తిని పెరిగినవాడు.

వాళ్ళకి తెలిసేసరికి సాయంత్రమైంది. వచ్చి రెల్లు తగలబెట్టారు, పడవలు నరికారు, నా కుండలన్నీ పగలగొట్టారు. ఇంట్లోకి మాత్రం రాలేదు. గడపలో మంచం వేసుకుని హాజుల్ కూర్చుంది. రయీస్ స్వయంగా వచ్చి, "ఇంటికి రా అమ్మా, పరువు తీశావు" అన్నాడు. "నీ ఇంటి నీళ్ళు నాకొద్దు" అని మొహం తిప్పుకుంది.

ఇప్పుడు నా మంచం మీద పడుకుని ఉంది. నా మొగుణ్ణి చంపినవాడి తల్లి. ఏం చెయ్యను రాబేల్?

భాగ్‌భరీ

*

థార్, ఊరి పేరు రాయను
ఫిబ్రవరి 22, 1985

వదినా,

మేమిద్దరం ఒక్కచోటే ఉన్నాం. ఒక గింజల వ్యాపారి ఇంటి వెనక గది. వాళ్ళు హిందువులు, గుచ్చిగుచ్చి అడగరు, పూటపూటకీ సజ్జ రొట్టె, మజ్జిగ పంపుతారు. ఉత్తరం చాలా చేతులు మారి వస్తుంది, ఆలస్యమైతే బెంగపడకండి.

జనవరి సభ ఆయన లేకుండానే జరిగింది. పేపర్లో బొమ్మ వేశారు, బుర్ఖాలోంచి మీసాలు కనిపిస్తున్నట్టు. కింద "బుర్ఖా సాయీ" అని. సంగత్ వాళ్ళు కూడా ఆయన పేరెత్తడం మానేశారట. ఆ పేపరు ఆయన మడిచి దిండు కింద పెట్టుకున్నారు. నేను తీసి పొయ్యిలో పడేశాను. వేలమందికి వినబడేలా మాట్లాడిన మనిషి రోజంతా మాటా పలుకూ లేకుండా వ్యాపారికి గింజల్లో రాళ్ళేరి పెడుతున్నారు. "ఆమె నన్ను బతికించి చంపేసింది రాబేల్" అన్నారు ఒకసారి.

నవ్వనివ్వండి వదినా. లోకమంతా నవ్వనివ్వండి. పక్క మంచం మీద ఆయన దగ్గు వినబడుతుంటే నాకు ఇంకేం అక్కర్లేదు. నేను ఎలాంటి దాన్నో అయిపోయాను, ఆయన పేరు పోయినందుకు లోపల సంతోషిస్తున్నాను.

అయినా పాడు భయం వదలదు. కొత్త మొహం వీధిలో కనిపిస్తే చాలు, ఆయన్ని లోపలికి లాగుతాను. దర్జీ మిషను చప్పుడు వింటే దారి మార్చుకుంటాను.

ఎప్పుడూ నమాజు ముచ్చట లేని మనిషి, ఇప్పుడు ముద్ద నోట్లో పెట్టేముందు "హాజుల్ అమ్మకి ఆయుష్షు" అంటారు. కోపంతో మొదలుపెట్టారో, నిజంగానే అంటున్నారో తెలియదు. నేను మాత్రం నిజంగా అంటున్నాను. ఆమెను బాగా చూసుకోండి. చలికి కప్పండి. పాలు పట్టండి. మీకెంత కష్టమో తెలిసే అడుగుతున్నాను. ఆమె ఉన్నంతకాలమే ఈ తలుపుకి గొళ్ళెం.

రాబేల్

*

గోఠ్ కేరియో
ఏప్రిల్ 3

రాబేల్,

నువ్వడక్కపోయినా చూస్తున్నాను. గొప్ప రయీస్ తల్లి కదా, మా చేప పులుసులో ఉప్పు తక్కువట, రొట్టె గట్టిగా ఉందట, నా మేక వాసనట. "వాసన నచ్చకపోతే కొడుకు మేడకి పో" అన్నాను. "నోరు చూడు దీనికి, పాపం మొగుడెలా వేగాడో" అంది. నా మొగుడి మాట, ఆమె నోట. ఆ మాట ఆమెకి ఎలా వచ్చిందో, నేను ఎలా విన్నానో.

కాసేపటికి, "ఆ రోజు నీ తమ్ముడి కాళ్ళ ముందు కాదు, నీ ముందు వెయ్యాల్సింది చాదర్. మగవాళ్ళ మధ్య నువ్వు కనబడలేదు నాకు" అంది. ఇన్నేళ్ళలో ఒక మనిషి నాతో ఆ మాటన్నది ఇదే. ఏడుపొచ్చింది, మేకకి గడ్డి వెయ్యాలని బయటికి పోయాను.

ఇప్పుడు నాకూ భయం పట్టుకుంది. నీ భయమే. ఆమె దగ్గితే లేచి కూర్చుంటున్నాను. పోయిన వారం నుంచి జ్వరం. దాదూ నుంచి డాక్టర్ని తెప్పించాను, సూదేసి, వయసైపోయిందన్నాడు. వయసు సంగతి నాకెందుకు, మందు చూడు అని తిట్టి పంపాను. పాలు చెంచాతో పోస్తున్నాను. "ఇంకొన్నాళ్ళు ఉండు, నీకు పుణ్యముంటుంది" అని బతిమాలుతున్నాను. నవ్వుతుంది. నా ఇంటి దీపం ఆర్పినవాడి తల్లిని పోవద్దని నేను బతిమాలడం చూడాల్సి వచ్చింది.

భాగ్‌భరీ

*

గోఠ్ కేరియో
మే 12

రాబేల్,

తలుపు వేసుకుని ఒక్కదానివే చదువు.

హాజుల్ అమ్మ నిన్న పోయింది. నా చెయ్యి పట్టుకునే పోయింది. గట్టిగా ఏడిస్తే ఊరికి తెలుస్తుందని నోట్లో చాదర్ కుక్కుకున్నాను. కానీ ఎంతకని దాస్తాను? రయీస్ వచ్చి తీసుకెళ్ళాడు. వాళ్ళ ముంగిట్లో సంతాపం చాపలు పరిచారు, నలభై రోజులూ జనం వచ్చి కూర్చుంటారు. తెల్లబట్టలవాడు రయీస్ పక్కనే కూర్చుని వచ్చే పోయే వాళ్ళని చూస్తున్నాడట. ఎవరి కోసమో నీకు చెప్పాలా?

మావాడికి చెప్పకు. అమ్మ బాగుందని చెప్పు, ఇవాళ పాలు తాగిందని, నన్ను తిట్టిందని చెప్పు. చెబుతూనే ఉండు. ఏళ్ళ తరబడి చెబుదాం.

భాగ్‌భరీ

*

థార్
మే 25

వదినా,

చెప్పాను. బాగుంది, పాలు తాగింది, మిమ్మల్ని తిట్టింది అని మీరు రాసినట్టే చెప్పాను. ఆయన నవ్వారు. చాలా నెలలకి నవ్వు చూశాను. మీ ఉత్తరం పొయ్యిలో పెట్టాను.

రొట్టె వడ్డించాను. ముద్ద తుంచి, "హాజుల్ అమ్మకి ఆయుష్షు" అన్నారు. మర్నాడూ అన్నారు. మూడోనాడూ అన్నారు. చచ్చిపోయిన మనిషికి ఆయుష్షు కోరుతుంటే, ఆమె పేరున ఒక్క ఫాతెహా కూడా చదవకుండా నేను పప్పు వడ్డిస్తుంటే, నా చేతులు నావి కావనిపించింది. నేనే చెప్పేశాను వదినా. నన్ను తిట్టండి. నోరు ఆగలేదు.

ముద్ద కింద పెట్టేశారు. చేతులెత్తి ఫాతెహా చదివారు. తర్వాత పెట్టెలోంచి అజ్రక్ తీసి దులిపి భుజాన వేసుకున్నారు. "ముందు ఆమె సంతాపం చాప మీద కూర్చోవాలి. ప్రాణం పోసిన మనిషికి పరామర్శకి కూడా వెళ్ళనివాణ్ణి ఇక ఏ మొహంతో జనంతో మాట్లాడను?" అన్నారు. "అక్కడ వాళ్ళున్నారు" అని కాళ్ళు పట్టుకున్నాను. "ఉంటే ఉండనీ. చాప అందరిదీ" అన్నారు. మళ్ళీ ఆ పాత గొంతు వచ్చేసింది. ఆ గొంతు వినగానే నాకు సంతోషమూ వేసింది, దానికి నన్ను నేనే క్షమించుకోలేను.

ఒక్కటి మాత్రం ఒప్పించాను. ముందు మీ ఇంటికి వచ్చి, మీ చేతి రొట్టె తిని, తర్వాతే రయీస్ ముంగిటికి వెళ్ళాలని. సరేనన్నారు. ఈ ఉత్తరం తెస్తున్నది వసాయో చాచా కాదు, ఆయనే. ఆయన జేబులోనే ఉంది. ఒకరి ఉత్తరం విప్పి చదివే మనిషి కాదు, నా ధైర్యం అదొక్కటే. మీరు ఇది చదువుతున్నారంటే ఆయన చేరినట్టే.

ముందు తలుపు వెయ్యండి. రొట్టె తర్వాత పెట్టండి. నవంబరులో నేనొకటి అడిగితే కాదన్నారు. ఎందుకన్నారో నాకు తెలుసు. ఆయన ఇక అక్కా అని పిలవరు, అదీ తెలుసు. అయినా మళ్ళీ అడుగుతున్నాను. ఇంకెవరున్నారు నాకు?

మీ రాబేల్

*

గోఠ్ కేరియో
మే 29

రాబేల్,

చేరాడు. వాడే నీ ఉత్తరం నా చేతికిచ్చి, "మీ ఇద్దరికీ ఇంకా ఏం కబుర్లుంటాయక్కా" అని నవ్వాడు. తలుపు వేశాను. తామరకాడల కూర వండాను, మూడుసార్లు వడ్డించుకున్నాడు. పొయ్యి దగ్గర కూర్చుని, వాడికి కనబడకుండా ఇది రాస్తున్నాను. "అక్కా, కాసిన్ని నీళ్ళు" అన్నాడు. ఇచ్చాను. "అక్కా, ఉప్పు సరిపోయింది" అన్నాడు. చెవులారా విన్నాను, ఇక చాలు.

చెయ్యి కడుక్కుంటున్నాడు. అజ్రక్ వెతుక్కుంటున్నాడు. ఖురాన్ నా పక్కనే ఉంది. ఇక రాయలేను రాబేల్, చాదర్ తీస్తున్నాను.